కోడిపుంజు వీర్యము: శీతల ద్రవ నిల్వ

పుంజు వీర్యమును గడ్డకట్టనీయక, ద్రవరూపముననే 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనమున కొన్ని గంటలు మొదలు ఒక దినము వరకు కృత్రిమ గర్భధారణకు పనికివచ్చునట్లు కాపాడుట శీతల ద్రవ నిల్వ. తెలుగునాట ఈ విషయమున పరిశోధన సల్పుచున్నది 1988లో నెలకొన్న రాజేంద్రనగరపు కోళ్ల పరిశోధన సంస్థ. వనరాజ, గ్రామప్రియ కోళ్లను పల్లెపెరళ్లకు అందించినదియు, అసీలు మందను పోషించుచున్నదియు ఇదియే.

పుంజు వీపును నిమిరి వీర్యము సేకరించు పద్ధతిని అమెరికాలో బరోస్, క్విన్ అనువారు 1930ల యందు రూపొందించిరి. ఒక్కమారు లభించునది పావు మొదలు అర మిల్లీలీటరు మాత్రమే. కాని మిల్లీలీటరున 300 నుండి 700 కోట్ల శుక్రకణములుండును. ఇంత దట్టమైన ద్రవమును ఉన్నదున్నట్లు ఉంచినచో కణములు తమ జీవక్రియవలన పుట్టిన ఆమ్లముచేతనే క్షీణించును గావున, సేకరించిన వెంటనే గ్లూటమేటు, ఫాస్ఫేటు, చక్కెర గల సంరక్షక ద్రావణమున పలుచన చేయుదురు. గ్లూటమేటు చేర్చుట యాదృచ్ఛికము గాదు. పుంజు వీర్యద్రవమున సహజముగనే అది సమృద్ధిగా నున్నది. శుక్రకణపు పైపొరలోని అసంతృప్త కొవ్వులు ప్రాణవాయువు తాకిడికి తేలికగా చెడును. చల్లదనము ఆ చెరుపును మందగింపజేయునే గాని ఆపజాలదు. పుంజు మేతలో విటమిన్ ఇ, సెలీనియము చాలినంత ఉండవలెననుట అందులకే. రెట్ట, మూత్రలవణములు కలిసిన వీర్యమును ఎంత మంచి ద్రావణమైనను కాపాడలేదు.

1949లో శుక్రకణములను గడ్డకట్టించి బ్రతికించుటకు గ్లిసరాలు తోడ్పడునని ఇంగ్లండున తొలుత తేలినది పుంజు వీర్యముతోనే. ఐనను ఆ గ్లిసరాలే పెట్ట జననమార్గమున ఫలదీకరణమును అడ్డుకొనుటచే, దానిని తొలగింపక వాడరాదు. ద్రవ నిల్వకు విలువ అందువలననే మిగిలినది. మంచుపెట్టె ఒక దినమునకు మించి కాపాడలేని కణములను పెట్ట తన గర్భాశయ యోని సంధియందలి సూక్ష్మనాళములలో, 41 డిగ్రీల దేహతాపమున, రెండు వారములకు పైగా సజీవముగ నుంచుకొనును! ఆ రహస్యమును పూర్తిగా అనుకరింపగల ద్రావణము నేటికిని లేదు.

ఉదాహరణకు, రాజేంద్రనగరము నుండి పశ్చిమ ప్రకాశమునందలి హనుమంతునిపాడునకు ఒక రాత్రి ప్రయాణము. పుంజునే తరలించుటకు బదులు వీర్యపు సీసాను తరలించుట, సిద్ధాంతరీత్యా, సాధ్యమే. వేసవి ఎండ 40 డిగ్రీలు దాటు ఆ సీమలో సీసాను మంచుగడ్డకు నేరుగా తాకనీయక ఫ్లాస్కులో ఉంచి, నడుమ వెచ్చబడనీయక, పెట్ట గ్రుడ్డు పెట్టిన పిదప అపరాహ్ణమున, సుమారు పదికోట్ల కణములు చేరునట్లు ప్రవేశపెట్టవలెను. గ్రుడ్డు గర్భాశయమున నున్న వేళ చేసినచో ఫలదీకరణము తగ్గును.