పేరు అరువు, వన్నె సొంతము

నవరత్నములలో పుష్యరాగమునకు స్థానము కలదు. పసుపు స్ఫటికమునకు లేదు. ఆ లోటు వలననే కాబోలు, ఈ రాయి చిరకాలము పరుల పేర్లతో చెలామణి అయినది. దీని చరిత్ర తెలిసినచో కొనునపుడు మోసపోకుండుటయే గాక, ఇంటనున్న నగను కాపాడుకొనుటయు తెలియునని మా తలంపు.

ఐరోపావారు దీనిని సిట్రిన్ అందురు. నిమ్మను తెలుపు ఫ్రెంచిపదమునుండి ఆ పేరు పుట్టినది. మన దేశపు రత్నవర్తకులు సునేలా అందురు. అనగా బంగారువన్నె గలది. కాని అంగళ్లలో దీనికి అంటగట్టిన పేరు టోపాజు. చిత్రమేమనగా, ఆ పేరును స్థిరమైనది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమను పండితుడు ప్లినీ ఎఱ్ఱసముద్రపు దీవినుండి వచ్చునని వర్ణించిన టోపాజు ఆకుపచ్చని రాయి. అది నేటి పెరిడాట్ అని విజ్ఞుల అభిప్రాయము. తరువాతి కాలమున ఆ పేరు పసుపు రాళ్లకు ప్రాకినది.

ఈ కథలో జర్మనీలోని ఈడార్, ఓబెర్‌ష్టైన్ ఊళ్లకు పాత్ర కలదు. అచటివారు శతాబ్దములుగా అగేటు రాళ్లను నీటిచక్రములతో సానపట్టెడివారు. స్థానికముగా రాయి తరుగగా పలువురు బ్రెజిలుకు వలసపోయి, 1827లో రియో గ్రాండి దో సుల్ సీమలో అగేటు నిక్షేపములను కనుగొనిరి. 1834లో తొలి సరకు ఈడారునకు చేరెను. ఆ సీమనుండియే అమెథిస్టు అను ఊదారంగు స్ఫటికమును వచ్చినది. దానిని 400 మొదలు 500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో ఊదా పోయి పసుపు, నారింజ వన్నెలు వచ్చును. రెండు వన్నెలకును మూలము రాతిలోని ఇనుపలేశమే. ఇట్టి రాళ్లు 'మదీరా టోపాజు' మొదలగు పేర్లతో అమ్ముడుపోయెను. నేటికిని అంగళ్లలోని పసుపు స్ఫటికములలో అధికభాగము కాల్చినవే, ప్రకృతిసిద్ధమైనది అరుదు. కాల్చుట మోసము కాదు, దాచుట మోసము. 1952లో అమెరికా నగలవర్తకులు నవంబరు జన్మరత్నములలో టోపాజు సరసన సిట్రినును దాని పేరుతోనే చేర్చిరి.

పేరు దాచినను బరువు దాగదు. సమాన పరిమాణముగల నీటికంటె స్ఫటికము 2.65 రెట్లు, టోపాజు సుమారు 3.5 రెట్లు, కురువిందజాతి పుష్యరాగము సుమారు 4 రెట్లు బరువు తూగును. కావున నగనుండి తీసిన రాతిని గాలిలోను నీటిలోను తూచి పరీక్షకులు జాతిని నిర్ణయింతురు.

పెద్దలిచ్చిన పుష్యరాగము స్ఫటికమని తేలినచో చిన్నబుచ్చుకొనువారు కలరు. కొన్నవారు మోసపోయి యుండవచ్చును. రాయి ఎవరిని మోసగింపలేదు. దానిని దానిగానే ఆదరించుట మేలు.

స్ఫటికపు కాఠిన్యము 7. వీధిధూళిలోను స్ఫటికపు రేణువులుండును గనుక, పొడిగుడ్డతో రుద్దినచో కాలక్రమమున మెఱుగు తగ్గును. గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని కుంచెతో కడిగి, మంచినీట తొలిచి, అద్ది తుడువవలెను. రవ్వలు, కెంపులు, నీలములు దీనిని గీయును గావున వేఱొక సంచిలో నుంచవలెను. నగకు అతుకు వేయించునపుడు రాతిని ముందుగా తీయించుట మఱువరాదు. మంట సోకినచో వన్నె మాఱవచ్చును, రాయి పగులవచ్చును.