పాత కలప సామాను కాలనిర్ణయం (హైదరాబాదు)

పాత కుర్చీ, బల్ల, బీరువా ఎప్పటివో, ఎక్కడివో తేల్చే పరిశీలన. 1998లో ఐటీ భవనం సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెరిగిన కొత్త ఇళ్ళలోకి పాత టేకు, రోజ్‌వుడ్ సామాను కూడా చేరుతోంది. అందుకే ఈ తెలివిడి నగరానికి అవసరం.

చూడవలసింది మెరిసే పైభాగం కాదు, అడుగూ వెనుకా, సొరుగు లోపలా. రంపపు గీతలు వంపు తిరిగి ఉంటే అది యంత్రపు గుండ్రటి రంపం కోత. 19వ శతాబ్దానికి ముందుది కాదన్నమాట. మొన తేలిన మరమేకులు ఆ శతాబ్దం మధ్యనుంచి విరివిగా వచ్చాయి. తలపై కూడిక గుర్తున్న మరమేకు 1930ల తరువాతిది, అయితే మరమ్మతులో వేసిందీ కావచ్చు. కలప నారకు అడ్డంగా ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి పాత గుండ్రటి బల్ల కొలిస్తే కాస్త కోలగా తేలుతుంది.

మన దగ్గర ఒక చిక్కుంది. వడ్రంగులు ఉలి, చిత్రికలతో చేతిపని చాలాకాలం కొనసాగించారు. చేతి గుర్తులు ఒక్కటే పాతదనానికి రుజువు కావు.

మూలం తేల్చడానికి చేతులు మారిన చరిత్ర కావాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని దంతపు కుర్చీలు ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని ప్రతీతి. అలాంటి కథను కాగితాలతో సరిచూడాలి.

వయసు తేల్చడం చట్టరీత్యా కూడా ముఖ్యం. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాత్మక వస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.