ముఖకండరములు – భావప్రకటనము

దేహమందలి కండరములలో అధికభాగము ఒక యెముకనుండి పుట్టి వేఱొక యెముకను చేరి కీళ్లను కదలించుటకే నియుక్తములై యుండగా, ముఖమున భావములను ప్రకటించునవి మాత్రము ఒక కొనను కపాలాస్థుల నంటియుండి, రెండవ కొనను చర్మమునందే లీనమై, తాము ముడుచుకొనినప్పుడెల్ల నుదురు, కనుబొమ, పెదవిమూల మొదలగు మృదుభాగములనే లాగుచుండును. దవడను కదపి నమలుటకు తోడ్పడు కండరము లీ కోవలోనివి కావు. వానికి ఐదవ కపాలనాడి అధిపతి. భావకండరములకు ఏడవ కపాలనాడి నియామకము. అది చెవిక్రింది యెముకరంధ్రమునుండి వెలువడి, లాలాజలగ్రంథిలో దూరి, ఐదు ముఖ్యశాఖలై మొగమంతట వ్యాపించును.

నుదుటి కండరము కనుబొమల నెత్తి అడ్డముడుతలను, కనుబొమల నడిమి చిన్నకండరము వానిని దగ్గఱకు లాగి నిలువుముడుతలను కల్పించును. కనుబొమల కదలికలనే ఏడు విధములుగా విభజించిన భరతుని నాట్యశాస్త్రము నెఱిగినవారి కిందు వింతయేమియు తోపదు.

నవ్వు విశేషించి చెప్పదగినది. చెంపయెముకనుండి ఏటవాలుగా దిగిన కండరము పెదవిమూలను మీదికి, వెనుకకు లాగును. ఫ్రెంచి వైద్యుడు డుషేన్, ముఖమున స్పర్శజ్ఞానము మందగించిన యొక బోసినోటి వృద్ధుని చెంపలకు విద్యుత్ప్రవాహమును తగిల్చి తీసిన ఛాయాచిత్రములను 1862లో ప్రకటించి, పెదవులు నవ్వియు కన్నులు నవ్వకున్న మొగ మెంత వెలితిగా నుండునో లోకమునకు చూపెను. కంటిచుట్టు నున్న వలయకండరము కూడ ముడుచుకొని, చెంప పైకెగసి, కంటితుదల ముడుతలు పడినగాని అది సంతోషపు నవ్వు గాదని యాతని సిద్ధాంతము. 1872లో డార్విన్ భావప్రకటనమును గూర్చిన తన గ్రంథమున ఆ చిత్రములలో కొన్నింటిని చేర్చెను. అయితే ఆ కండరమును సైతము కోరి ముడువగలవారు కలరని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. మంచి నటులకిది యెన్నడో తెలిసిన సంగతియే.

కోరి నవ్వు నవ్వునకును, పొంగి వచ్చు నవ్వునకును మెదడున మార్గములు వేఱు. కావుననే పక్షవాతము సోకిన కొందఱు నవ్వుమన్నచో ఒక ప్రక్కనే నవ్వగలిగియు, హాస్యము విన్నప్పుడు రెండు ప్రక్కలను నవ్వుదురు. నుదుటికి మెదడు రెండర్ధముల నుండియు ఆజ్ఞలందును గనుక, మూతి వంకరపోయిన రోగిని వైద్యుడు కనుబొమ లెత్తుమనును. చచ్చుబడిన వైపున నుదురు ముడుతపడినచో దోషము మెదడునందనియు, పడనిచో నాడియందనియు ప్రాయికముగా నిర్ణయించును.