నూటరెండు ఓట్లు అటు పడివుంటే

1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుకు 1580 ఓట్లు, పట్టాభి సీతారామయ్యకు 1377 ఓట్లు వచ్చాయి. బోసుకు పడినవాటిలో 102 ఓట్లు అటు మళ్లితే గెలుపు పట్టాభిది. అప్పుడు పార్టీ విధానం పెద్దగా మారేది కాదని నా నమ్మకం. గాంధీ ఇష్టప్రకారమే కార్యవర్గం ఏర్పడాలన్న పంత్ తీర్మానం త్రిపురి కాంగ్రెస్ సమావేశంలో నెగ్గింది; ఏప్రిల్ నెలాఖరుకు బోసు రాజీనామా చేశారు, రాజేంద్రప్రసాద్ వచ్చారు. గాంధీ బలపరచిన పట్టాభి గెలిస్తే అక్కడికి మూడు నెలల ముందే చేరేవాళ్లం, అంతే. మారేది బోసు దారి. గెలిచిన మనిషిని పని చేయనివ్వకపోవడం మామూలు ఓటమి కంటే లోతైన గాయం. మేలో బోసు ఫార్వర్డ్ బ్లాక్ పుట్టింది ఆ గాయంలోంచే.

సెప్టెంబరులో యుద్ధం రాగానే చీలిక ఎలాగూ తప్పేది కాదని అనవచ్చు. బ్రిటిష్ వారికి గడువు పెట్టాలన్న బోసు పట్టుదల చూస్తే అది బలమైన వాదనే. కానీ ఓడిన అభ్యర్థిగా ఆయన పార్టీలోనే ఉండి, యుద్ధకాలపు చర్చలో తన మాట వినిపించేవారు. ఇక పట్టాభి గెలిస్తే ఆంధ్ర రాష్ట్రం ముందే వచ్చేదన్న ఆశకు 1948 అడ్డు నిలుస్తుంది. ఆ ఏడు పురుషోత్తమదాస్ టండన్‌ను ఓడించి ఆయన అధ్యక్షుడయ్యారు. అయినా నెహ్రూ, పటేల్‌లతో కలిసి ఆయన సంతకం చేసిన 1949 నాటి జెవిపి నివేదిక భాషా రాష్ట్రాలను వాయిదా వేయమంది. ఆంధ్రకు మాత్రం, మద్రాసు నగరాన్ని వదులుకుంటేనే, దారి చూపింది.