వతారు మిసాకా: ఒక కళాశాలా క్రీడాకారుని చరిత్రము

మన సంఘ వార్షిక సంచికలయందు వంశకర్తల చరిత్రములను, దాతల జీవితములను ప్రకటించుట వాడుక. ఈ యేడు మేము దూరదేశమున నొక చిన్న సంఘమునందు జన్మించిన విద్యార్థి కథను వ్రాయ బూనితిమి. కారణము తుదను విదితము కాగలదు.

వతారు మిసాకా 1923వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని అమెరికాలోని యూటా రాష్ట్రమున, ఆగ్డెన్ పట్టణమున జపాను దంపతులకు జన్మించెను. తండ్రిది క్షౌరవృత్తి. అంగడి క్రింది నేలమాళిగయే వారి నివాసము. ఆయనకు పదునైదేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లియే యా అంగడిని నడపి బిడ్డలను పెంచెను.

బాస్కెట్ బాల్ ఆటలో పక్షమునకు ఐదుగురు. పొడవరులు బుట్ట చెంత నిలిచి బంతిని వేయుదురు. బంతిని నడిపించుకొని వచ్చి, తగిన సమయమున తగినవాని కందించి, ప్రతిపక్షపు నేర్పరిని నిరోధించువానికి నేడు పాయింట్ గార్డు అని పేరు. అతడు రథమునకు సారథివంటివాడు. 5 అడుగుల 7 అంగుళముల పొడవు మాత్రమే గల మిసాకాకు వేగము, మెలకువయే ఆయుధములు.

1941 డిసెంబరున జపాను అమెరికాపై దాడి సల్పెను. 1942 ఫిబ్రవరి 19వ తేదీని అధ్యక్షుడు రూజ్వెల్టు జారీచేసిన యుత్తరువు వలన పశ్చిమతీరమందలి జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు విడిచి నిర్బంధ శిబిరములకు పోవలసివచ్చెను. టోపాజ్ శిబిరము యూటాయందే యుండెను. మిసాకా కుటుంబము తీరమునకు దూరముగా నుండుటచే నిర్బంధము తప్పెను. తనవారు ముండ్లకంచెల నడుమ నుండగా, ఆయన యూటా విశ్వవిద్యాలయము పక్షమున ఆడుచుండెను.

1944లో యూటా జట్టు న్యూయార్కు ఆహ్వాన పోటీలో తొలి యాటయందే కెంటకీ చేతిలో ఓడెను. అంతలో అర్కన్సా జట్టువారు మోటారు ప్రమాదమునకు గురియై జాతీయ కళాశాలల పోటీనుండి విరమింపగా, ఆ స్థానము వీరికి లభించెను. తుది యాటలో అదనపు సమయమున డార్ట్‌మత్‌ను 42-40 తో గెలిచి విజేతలైరి. ఇంటికి మరలినంతనే మిసాకాకు సైన్యమునుండి పిలుపు వచ్చెను. యుద్ధానంతరమున జపానుకు పోయి, అణుబాంబుచే ధ్వంసమైన హిరోషిమాలో బ్రతికి బయటపడినవారిని విచారించు పనిలో నుండెను. పితృభూమి భస్మమును ఆ విధముగా కన్నులార చూచెను.

తిరిగి కళాశాల చేరి, 1947లో ఆహ్వాన పోటీ తుది యాటయందు కెంటకీని 49-45 తో జయించిన జట్టులో నుండెను. నాడు ప్రఖ్యాతుడైన రాల్ఫ్ బియర్డును ఒక్క పాయింటునకు కట్టడి చేసెను. ఆ యేడే న్యూయార్కు నిక్స్ వారు ఆయనను తీసికొనిరి. అనంతరకాలమున ఎన్.బి.ఎ.గా పరిణమించిన సమాఖ్యలో శ్వేతేతరులయం దాడిన మొదటివా డాయనయే. ఆడినవి మూడే యాటలు; సాధించినవి ఏడు పాయింట్లు. పిమ్మట తొలగించిరి. జట్టులో గార్డులు అధికముగా నుండుటయే హేతువని ఆయన తలచెనే కాని, ఎవ్వరిని నిందింపలేదు. యూటాకు మరలి, ఇంజనీరుపట్టము పొంది, ఆ వృత్తియందే జీవించి, 2019 నవంబరు 20వ తేదీని 95వ యేట పరమపదించెను.

హస్తినాపుర రంగస్థలమున కర్ణుని విల్లు చూడక కుల మడిగిరి. ఆ ప్రశ్న ఫలము కురుక్షేత్రమున గాని తీరలేదు. మేము ఉపాధ్యాయులమై యుండగా పిల్లవాని పేరు వినినంతనే కుల మూహించిన దినములు లేకపోలేదు, సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. క్షౌరశాల నేలమాళిగలో పెరిగిన బాలునికి విశ్వవిద్యాలయము తలుపు తెరచెను. తక్కినది యతడే సాధించెను.

సంఘమున్నది వెనుకబడిన బిడ్డకు చేయూత నిచ్చుటకే గాని, పరుని వెనుకకు నెట్టుటకు గాదు. దాతలారా! మీ ద్రవ్యమున చదువుకొను విద్యార్థులలో పొరుగు కులపు పేదబాలు డొక్కడైన నుండిన, అది మన సంఘమునకు కొఱత గాదు, కీర్తియే యగును. ఆ బాలుని జేర్చుకొన వేడుకొనుటకే యీ కథ వ్రాసితిమి.

శమ్.