నీటితో తూచిన కాలము

చేతినుండి జారిన రాయి నేలను చేరుటకు ఎంత కాలము పట్టును? నేడు ఉన్నత పాఠశాల విద్యార్థియు దీనిని కొలువగలడు. 17వ శతాబ్ది ఆరంభమున సెకండులోని భాగములను నమ్మకముగా చూపు గడియారము లేదు. చలన నియమములు అంతకాలము చిక్కకపోవుటకు ఈ కొరతయు ఒక కారణము.

బరువైన వస్తువు త్వరగా పడుననియు, త్రోయునది లేనిదే చలనము నిలువదనియు అరిస్టాటిల్ బోధించెను. ఎద్దు ఆగినచో బండియు ఆగును గదా! నిత్యానుభవము అతని పక్షముననే ఉన్నట్లు తోచును.

ఇటలీలోని పాడువాలో గణితము బోధించుచుండిన గెలీలియో, సుమారు 1604 ప్రాంతమున, ఒక ఉపాయము పన్నెను. పతనము కొలతకు అందనంత వేగమైనదగుటచే దానినే నెమ్మదింపజేసెను. పండ్రెండు మూరల పలకలో గాడి తొలిపించి, నునుపుకొరకు లోపల తోలుకాగితము అంటించి, పలకను ఒకవైపు కొద్దిగా ఎత్తి, గట్టి కంచుగుండును దొర్లించెను. గడియారమునకు బదులు ఒక పెద్ద నీటితొట్టి. గుండు దొర్లునంతసేపు తొట్టి అడుగున సన్నని గొట్టమునుండి కారిన నీటిని పట్టి, సున్నితమైన త్రాసులో తూచెను. నీటి తూకముల నిష్పత్తియే కాలముల నిష్పత్తి! పలకలో నాల్గవవంతు దూరమునకు సరిగా సగము కాలము పట్టినది. అనగా దూరము కాలము యొక్క వర్గమును అనుసరించి పెరుగును.

గృహనిర్బంధములో నుండగా, 1638లో లైడెన్ నగరమున అచ్చయిన గ్రంథమున అతడు ఈ ప్రయోగమును వర్ణించెను. ఇట్టి మోటు సాధనముతో అంత కచ్చితమైన ఫలితము రాదని 20వ శతాబ్దిలో చరిత్రకారుడు కొయిరే శంకించెను. 1961లో థామస్ సెటిల్ అట్టి పరికరమునే అమర్చి చూడగా, నీటితో సెకండులో పదవవంతు వరకు తేల్చవచ్చునని రుజువైనది. శంకించువారు ముందే ఒక పలకను చెక్కి చూచియుండవలసినది.

ఒక పలకపై దిగిన గుండు ఎదుటి పలకపై ఇంచుమించు అదే ఎత్తుకు ఎక్కును. ఎదుటి పలక వాలు తగ్గినకొలది మరింత దూరము పోవును. వాలే లేకున్నచో? ఘర్షణ లేనియెడల ఆగుటకు కారణమే లేదు. బండి ఏల కదలుచున్నదని కాక, ఏల ఆగినదని అడుగవలెనన్నమాట. ఎద్దు లాగుట ఘర్షణను ఎదుర్కొనుటకే.

అయినను గెలీలియో సమతలమనగా భూమి ఉపరితలమును అనుసరించునదని తలచెను. అట్టి చలనము వృత్తమగును. అది సరళరేఖయేయని 1644లో డెకార్ట్ స్పష్టముగా ప్రకటించెను. 1687లో న్యూటన్ దానిని తన ప్రథమ నియమముగా నిలిపెను. మొదటి రెండు నియమములతోనే గెలీలియో పతన నియమమును కనుగొనెనని న్యూటన్ వ్రాసెను. రెండవ నియమము విషయమున ఇది కొంత ఉదారతయే.