పుస్తకాలకు 500 రూపాయలు

1860లో జేమ్స్ విల్సన్ బ్రిటిష్ ఇండియాలో ఆదాయ పన్ను పెట్టేనాటికి పుదుచ్చేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. భారత ఆదాయ పన్ను ఆ ఊరికి చేరడానికి నూరేళ్లు దాటింది. 1962 ఆగస్టు 16న భారత్‌లో పుదుచ్చేరి విలీనం చట్టబద్ధమైంది. 1961 నాటి ఆదాయ పన్ను చట్టం 1963 ఏప్రిల్ 1 నుంచి అక్కడ అమలయింది. పుదుచ్చేరిలో భాగమైన యానాం తెలుగువారికీ అదే తేదీ.

ఆ చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఉద్యోగానికి అవసరమైన పుస్తకాలు కొన్నవాళ్లు 500 రూపాయల దాకా ఆ ఖర్చును జీతంలోంచి తగ్గించి చూపుకోవచ్చు. 1964లో జిప్‌మర్‌గా మారిన వైద్య కళాశాలలో పాఠం చెప్పే డాక్టరు సొంత డబ్బుతో వైద్య గ్రంథం కొనుక్కుంటే, అది కొలువులో భాగమేనని చట్టం ఒప్పుకున్నట్టు. మొత్తం చిన్నదే, ఇచ్చిన గుర్తింపు మాత్రం పెద్దది.

1974 ఆర్థిక చట్టం దాన్ని జీతగాళ్లందరికీ దక్కే స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపేసింది. రసీదులు దాచుకునే బాధ తప్పింది, నిజమే. కానీ పుస్తకం కొన్నవాడూ కొననివాడూ ఒకటైపోయారు. ఆ డిడక్షన్ కూడా 2005 ఆర్థిక చట్టంతో పోయి, 2018లో 40,000 రూపాయలతో తిరిగొచ్చింది. పుస్తకాల ఊసు మళ్లీ రాలేదు.

జీతగాళ్ల సంగతి అది. సొంత ప్రాక్టీసు ఉన్న వకీలుకైతే 1961 చట్టంలోని 37వ సెక్షన్ వీలు కల్పించింది: పూర్తిగా వృత్తి కోసమే పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తీసేయవచ్చు. పత్రికా సంస్థ సకాల్ పేపర్స్ కేసులో, కంపెనీ ఖర్చుతో అమెరికాలో జర్నలిజం చదివిన ట్రైనీ ఆ కంపెనీ డైరెక్టర్‌కు కూతురే అయినా, బొంబాయి హైకోర్టు ఆ ఖర్చును అనుమతించింది.

అమెరికాలో 1950లోనే వర్జీనియాకు చెందిన ఒక బడి టీచరు వేసవి కోర్సు ఖర్చును అక్కడి అప్పీలు కోర్టు ఒప్పుకుంది. 2018 నుంచి ఆ దేశమూ చాలామంది జీతగాళ్లకు ఆ దారి మూసేసింది.

మన దగ్గర 1994లో 80ఇ సెక్షన్ వచ్చింది. మొదట్లో ఉన్నత విద్యా రుణం అసలు, వడ్డీ రెండింటికీ కలిపి 25,000 రూపాయల పరిమితి; 2005 మార్పుతో వడ్డీ ఒక్కటే మిగిలింది, పరిమితి మాత్రం ఎత్తేశారు. 1961 చట్టంలోని 80సి కింద ట్యూషన్ ఫీజుల మినహాయింపు పిల్లల చదువుకే, అదీ ఇద్దరి దాకానే. అంటే పుదుచ్చేరి బ్యాంకు ఉద్యోగి అప్పు చేసి ఎంబీఏ చదివితే పాత పన్ను విధానంలో వడ్డీకి మినహాయింపు వస్తుంది. కూడబెట్టుకున్న డబ్బుతో అదే కోర్సు కడితే పైసా రాదు. ఇది అన్యాయం. 2023-24 నుంచి, పాతది ఎంచుకోకపోతే దానంతటదే వర్తించే కొత్త పన్ను విధానంలోనైతే ఆ వడ్డీ మినహాయింపూ లేదు.